సినిమా పోస్టర్లు గీయాలని ఉంది, దారి ఎటు?

ప్రశ్న: మాది గాజువాక. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) పూర్తిచేశాను. సినిమా పోస్టర్లు గీయాలన్నది చిన్నప్పటి నుంచి నా కోరిక. మా నాన్నగారు ఒకప్పుడు జగదాంబ సెంటర్ చుట్టుపక్కల థియేటర్లకు బ్యానర్లు రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి, ఇళ్లకు రంగులు వేసే పనిలోకి మారారు. "నేను పడ్డది చాలు, నువ్వు బ్యాంకు పరీక్షలు రాయి" అంటున్నారు. ఈ మధ్య ఒక చిన్న సినిమా తీస్తున్నవారు నా బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి, మూడు పోస్టర్లు గీసిపెట్టమనీ, డబ్బు ఇవ్వలేంగాని పేరు వస్తుందనీ అన్నారు. వారం రోజుల్లో ఏ సంగతో చెప్పాలి. ఒప్పుకోనా? హైదరాబాదు వెళ్లిపోనా? కంప్యూటరే బొమ్మలు గీసేస్తున్న ఈ రోజుల్లో ఈ వృత్తిని నమ్ముకోవచ్చా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: గడువున్న విషయం ముందు చెబుతాను. ఆ మూడు పోస్టర్లను ఉచితంగా గీయడానికి ఒప్పుకోవద్దు. వారితో మాట తెంచుకోమని నా ఉద్దేశం కాదు. ఏ షరతుల మీద చేయవచ్చో కింద వివరంగా రాశాను. అయితే ఆ షరతులు పెట్టే ధైర్యం మీకు రావాలంటే, పోస్టర్లు గీసి పేరు తెచ్చుకున్నవారికి ఇల్లు దేనివల్ల గడిచిందో ముందు తెలియాలి. సినిమా పోస్టరు విడిగా నిలబడే ఉద్యోగం కాదు. పత్రికలకు, పుస్తకాలకు, ప్రకటనలకు, సరుకుల లేబుళ్లకు బొమ్మలు గీసిపెట్టే వాణిజ్య చిత్రకళలో అదొక భాగం. ఆ వృత్తి చేతిలో ఉన్నవారిని సినిమా వెతుక్కుంటూ వస్తుంది. సినిమా కోసమే కాచుకుని కూర్చున్నవారికి తరచుగా మీకు వచ్చినలాంటి బేరమే వస్తుంది.

మీ నాన్నగారి మాటను పాతకాలపు భయంగా కొట్టిపారేయకండి. ఒక పని కళ్లముందే మాయమైపోవడం చూసిన మనిషి ఆయన. కాని మాయమైనది ఏమిటో మీరిద్దరూ కూర్చుని విడదీసి చూసుకోవాలి. బ్యానరు రాసేవారు తమకు అందిన పోస్టరు మీదో ఫొటో మీదో పెన్సిలుతో గళ్లు గీసేవారు. అన్నే గళ్లను గుడ్డ మీద పెద్దవిగా గీసుకుని, ఒక్కొక్క గడిలో ఉన్నదాన్ని ఆ గడిలోకి పెంచుకుంటూ పోయేవారు. చిటికెనవేలి గోరంత కన్ను మూరెడు కన్ను అయ్యేది. దగ్గర నిలబడితే నీలం, నారింజ రంగుల మచ్చలుగా కనిపించేది రోడ్డుకు అవతలి నుంచి చూస్తే ముఖమయ్యేది. అది గొప్ప నైపుణ్యం, అందులో నాకు సందేహం లేదు. కాని బొమ్మలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏది పెద్దది కావాలి, పేరు ఎక్కడ రావాలి అన్న నిర్ణయాలు చాలావరకు మద్రాసులో పబ్లిసిటీ డిజైనరు బల్ల మీద ముందే జరిగిపోయేవి. ముద్రణ యంత్రం తినేసింది పెంచే పనిని. నిర్ణయించే పని ఇంకా మనిషి చేతిలోనే ఉంది. ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం అన్న ప్రకటన 2022 ఆగస్టులో మన విశాఖలోనే వెలువడినప్పుడు, చేతిరాత బ్యానర్లు తిరిగి వస్తాయని చాలామంది ఆశపడ్డారు. గుడ్డ మీద కూడా యంత్రమే ముద్రిస్తుంది కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దని మనవి. నాన్నగారు వద్దంటున్నది తాను చేసిన పనిని. మీరు చేయబోయేది ఆ పని కాదని ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం మీ బాధ్యత.

నిర్ణయించే పని చేసినవారి జీవితాలను గమనించండి. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు మరొకరి దగ్గర పని నేర్చుకున్న తర్వాతే 1967లో బాపు గారి 'సాక్షి'తో సొంతంగా పబ్లిసిటీ డిజైనరు అయ్యారు. ఆ తర్వాత రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. బాపు గారు లా చదివి, ప్రకటనల సంస్థలలో పనిచేసి, పత్రికలకు కార్టూన్లూ కథలకు బొమ్మలూ గీస్తూ ఎదిగినవారు. మన ఉత్తరాంధ్రకే చెందిన వడ్డాది పాపయ్య గారు సినిమా జోలికి పోకుండానే, డ్రాయింగు మాస్టారుగా ఉద్యోగం చేసుకుంటూ, చందమామ అట్టలతో తెలుగువారి ఇంటింటికీ చేరారు. చివరి సంవత్సరాలు ఇక్కడికి దగ్గరలోని కశింకోటలో గడిపారు. అమెరికాలో సినిమా పోస్టరు అనగానే గుర్తొచ్చే డ్రూ స్ట్రూజన్ కూడా మొదట ఏళ్లపాటు పాటల రికార్డులకు అట్టబొమ్మలు వేసినవాడే. 1978లో 'స్టార్ వార్స్' మళ్లీ విడుదలైనప్పుడు ఆయన మరో చిత్రకారుడితో కలిసి చేసిన పోస్టరును వెతికి చూడండి. బొమ్మ పూర్తయ్యేసరికి నటుల, సాంకేతికుల పేర్లు వేయడానికి చోటు చాలలేదు. అప్పుడు వారు బొమ్మను చెరపలేదు. చెక్క గోడకు అంటించిన పాత పోస్టరు అంచులు చిరిగి వేలాడుతున్నట్టుగా చిత్రించి, ఆ చెక్క మీద పేర్లకు చోటు తీశారు. చోటు లేకపోవడమే ఆ పోస్టరు అందానికి కారణమైంది. ఎదుటివారి అవసరాన్ని బొమ్మలోకి ఇలా ఇముడ్చుకోవడం రికార్డు అట్టల మీద, పత్రికల మీద, లేబుళ్ల మీద గడువులోపల పనిచేసి అలవాటైనవారికే వస్తుంది. కాలేజీలో కాన్వాసు ముందు మనకు మనమే యజమానులం, ఇక్కడ కాదు. ఈ తేడా మీకు కష్టంగా అనిపిస్తే, అది ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ఇక నేటి పోస్టరు ఎలా తయారవుతుందో చూద్దాం. చాలా తెలుగు సినిమాలకు ముందుగా నటీనటులతో ఫొటోషూట్ జరుగుతుంది, పబ్లిసిటీ డిజైనర్లు ఆ ఫొటోలను కంప్యూటరులో కూర్చి రంగులు సరిచేస్తారు. ఫస్ట్ లుక్, పాత్రల పోస్టర్లు, పండుగ శుభాకాంక్షల పోస్టర్లు, మోషన్ పోస్టరు, ఓటీటీలో కనిపించే చిన్న బొమ్మ, ఇలా ఒక సినిమాకు పదుల సంఖ్యలో బొమ్మలు కావాలి. ఇందులో చేత్తో గీసేవారికి చోటు మూడు దగ్గరల ఉంది. ఫొటోషూట్‌కు ముందు ఎవరు ఎలా నిలబడాలో చూపించే చిత్తుబొమ్మలు ఒకటి. నటుల ఫొటోలు ఇంకా లేని దశలో, లేదా దర్శకుడు కావాలని కోరినప్పుడు, పూర్తిగా గీసిన పోస్టరు రెండోది. సినిమా పేరు రాసే టైటిల్ అక్షరాలు మూడోది. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదని నా బాధ. తెలుగు అక్షరానికి తలకట్టు, గుడి పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాల్లాగా ఒకే ఎత్తు పట్టీలో అవి ఇమడవు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని తీసుకుని, కింది ఒత్తులు చదవగలిగేలా, పైన గుడిదీర్ఘం నలిగిపోకుండా, మొత్తం ఒక దిమ్మెలా నిలిచేలా రాసి చూడండి, ఎంత పనో తెలుస్తుంది. దొరికిన ఫాంటును సాగదీసి సరిపెట్టేవారే ఎక్కువ కాబట్టి, చేత్తో తెలుగు టైటిల్ రాయగలవారికి ఈ రోజుకీ గిరాకీ ఉంది. మీకు ఈ చదువు ఇంట్లోనే ఉంది. నాన్నగారు బ్రష్‌తో అక్షరాలు రాసిన మనిషి. చదునైన బ్రష్‌ను ఏ కోణంలో పట్టుకుంటే గీత సన్నబడుతుందో, ఎక్కడ తిప్పితే మలుపు నిండుగా వస్తుందో ఆయన చేతికి తెలుసు. రోజూ ఒక గంట ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోండి. ఆయన అభ్యంతరం కూడా ఆ గంటలోనే కొంత మెత్తబడుతుందని నా నమ్మకం.

కూర్పు ఎలా సాధన చేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మనకు దగ్గరి కథ, 1757 నాటి బొబ్బిలి యుద్ధం తీసుకోండి. ఎవరికి చెప్పినా మొదట గీసే బొమ్మ ఒకటే ఉంటుంది: మధ్యలో కత్తి ఎత్తిన తాండ్ర పాపారాయుడు, వెనుక తగలబడుతున్న కోట, ఒక మూల ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం, మరో మూల బొబ్బిలి రాణి మల్లమ్మ దేవి. అన్నీ ఉన్నాయి కాబట్టి దేనికీ బరువు లేదు. దాన్ని పక్కన పెట్టి, పాపారాయుడు విజయనగరం రాజును చంపడానికి గుడారంలోకి చొరబడిన రాత్రిని ఊహించండి. చూసేవారిని గుడారం లోపల ఉంచండి. కింద ఒక మూల దీపం వెలుగులో నిద్రపోతున్న రాజు ముఖం. పైన బొమ్మలో మూడువంతుల మేర చీకటి గుడ్డ. ఆ గుడ్డను చీల్చుకుని లోపలికి వచ్చిన కత్తి మొన, దాని మీద దీపం వెలుగు సన్నటి గీతగా. కథానాయకుడి ముఖమే లేదు, అయినా అతని రాక తప్ప మరేదీ కనిపించదు. పైనున్న చీకటి టైటిలుకు చోటు ఇస్తుంది, కిందనున్న నేల పేర్ల వరుసకు చోటు ఇస్తుంది. ఇటువంటి చిత్తుబొమ్మలు అగ్గిపెట్టె పరిమాణంలో, పెన్సిలుతో, ఒక్కో కథకు పది చొప్పున గీయండి. అగ్గిపెట్టెంతలో అర్థం కానిది గోడంత చేసినా అర్థం కాదు. ఇప్పుడు పోస్టరును ఎక్కువమంది మొదట చూసేది కూడా ఫోనులో అంత పరిమాణంలోనే.

ముఖం పోలిక విషయంలో మాత్రం రాజీ కుదరదు. మీసం, జుట్టు, కళ్లజోడు పట్టుకుని పోలిక తెప్పించే అలవాటు మనలో చాలామందికి ఉంది. వాటిని తీసేసినా మనిషి గుర్తుపట్టేలా ఉండాలి. కనుబొమకూ కంటికీ మధ్య దూరం, ముక్కు మొదలు దగ్గర వెడల్పు, పైపెదవి పొడవు, ఈ మూడు సరిగ్గా పడితే మిగతాది వెలుగునీడల పని. బీచ్ రోడ్డులో సాయంత్రాలు కూర్చుని వచ్చేపోయేవారిని వేగంగా గీయడం మంచి సాధనే. దానితోపాటు ఒకే మనిషిని అన్ని కోణాల నుంచీ, కింది నుంచి వెలుగు పడినప్పుడూ వెనుక నుంచి పడినప్పుడూ గీయడం అలవాటు చేసుకోండి. సాంకేతిక విషయాలు త్వరగా వచ్చేస్తాయి కాబట్టి వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ముద్రణకు వెళ్లే బొమ్మను అంగుళానికి 300 చుక్కల లెక్కన చేసుకోవాలి, అంటే 40 అంగుళాలకు 30 అంగుళాల పోస్టరుకు 12,000కు 9,000 పిక్సెళ్లు. తెర మీద మెరిసే నీలాలు, ఆకుపచ్చలు కాగితం మీద మసకబారతాయి. మొదటి పని ఇచ్చే ముందే ఒక ప్రెస్సులో నమూనా తీయించి ఆ తేడా కళ్లతో చూడండి.

ఇప్పుడు ఆ సినిమావారి సంగతి. మూడు కాదు, ఒక్క పోస్టరు చేస్తానని చెప్పండి. కథ వినిపించమని అడగండి. వినిపించడానికి తీరిక లేనివారికి పోస్టరు చేయడం వృథా. విన్న తర్వాత మూడు పెన్సిలు చిత్తుబొమ్మలు చూపిస్తాననీ, వాటిలో ఒకటి ఎంచుకున్నాక డబ్బులో మూడోవంతు ముందుగా ఇవ్వాలనీ, రెండుసార్లు మార్పులు చేసిపెడతాననీ, అంతకు మించితే విడిగా తీసుకుంటాననీ రాతపూర్వకంగా పంపండి. మొత్తం ఎంత చిన్నదైనా సరే, ఒక అంకె ఉండాలి. అసలేమీ ఇవ్వని చోట మార్పులకు అంతు ఉండదు, గడువుకు విలువ ఉండదు, మీ బొమ్మ వాడతారన్న హామీ కూడా ఉండదు. "పేరు వస్తుంది" అన్నారు కాబట్టి, పోస్టరు మీద మీ పేరు ఏ మూల, ఎంత అక్షరాలతో వేస్తారో అదే కాగితం మీద రాయించుకోండి. నిజంగా పేరు ఇవ్వదలచినవారు దానికి వెనుకాడరు.

చట్టంలో ఒక మెలిక ఉంది, కొత్తవారు దీన్ని తప్పక తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం బొమ్మకు మొదటి హక్కుదారు గీసినవారే. కాని అదే సెక్షనులో, ఒకరు ప్రతిఫలం ఇచ్చి తమ కోసం చిత్రం గీయించుకుంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో, మొదటి హక్కు గీయించుకున్నవారిదే అవుతుందన్న మినహాయింపు ఉంది. అంటే కాగితం లేకుండా డబ్బు మాత్రమే తీసుకుంటే, ఆ బొమ్మ రేపు టీషర్టుల మీద, కాఫీ కప్పుల మీద వచ్చినా మీరు అడగలేని స్థితి రావచ్చు. కాబట్టి హక్కు మీదేననీ, ఈ సినిమా ప్రచారానికి, ఇన్నేళ్లకు, ఈ మాధ్యమాలకు వాడుకోవడానికి అనుమతి ఇస్తున్నాననీ ఒప్పందంలో రాయండి. హక్కులే బదిలీ చేయాల్సి వస్తే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షను చెబుతోంది. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని కూడా అందులోనే ఉంది. హక్కులు ఇచ్చేసిన తర్వాత కూడా ఆ బొమ్మ గీసింది నేనేనని చెప్పుకునే హక్కును 57వ సెక్షను మీకు మిగులుస్తుంది. ఇంకొక పని: కేంద్ర ప్రభుత్వపు ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు కావచ్చు. అలా నమోదైనవారికి పని అందుకున్నవారు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం నిర్దేశిస్తోంది. బాకీ రాబట్టడానికి వెళ్లిన ప్రతిసారీ గొడవ పడనక్కరలేదు. ఆ చట్టం పేరు రాసిన ఒక మర్యాదైన ఉత్తరం చాలాసార్లు పనిచేస్తుంది.

హైదరాబాదుకు ఇప్పుడే వెళ్లవద్దు. భీమిలి రోడ్డులో స్టూడియో ఉన్నా, మన తీరంలో ఎన్ని షూటింగులు జరిగినా, పబ్లిసిటీ నిర్ణయాలు జరిగేది హైదరాబాదులోనే అన్నది నిజమే. కాని అక్కడ గది అద్దె కట్టుకుంటూ, చేతిలో పని లేకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆరు నెలల్లో ఏ పనికైనా తల ఊపే స్థితికి వస్తారు. ఇక్కడ ఇల్లు ఉంది. పరవాడ వైపు మందుల కంపెనీలు ఉన్నాయి. డాక్టర్లకు చూపించే పుస్తకాల్లోకి శరీరభాగాల బొమ్మలు ఆ రంగానికి ఎప్పుడూ కావాలి. అరకు కాఫీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్మేవారికి డబ్బా మీద బొమ్మ కావాలి, పాఠశాలలకు గోడచిత్రాలు కావాలి, హోటళ్లకు మెనూలు కావాలి, చిన్న ప్రచురణకర్తలకు ముఖచిత్రాలు కావాలి. ఇక్కడి కుర్రవాళ్లు తీసే షార్ట్ ఫిల్ములకు పోస్టర్లు కావాలి. వాటికి పెద్దగా డబ్బు రాకపోయినా, కథ విని బొమ్మగా మార్చే సాధన అక్కడే జరుగుతుంది. ప్రతి నెలా ఇంట్లో ఇంత ఇస్తానని నాన్నగారితో ఒక అంకె అనుకుని, రెండేళ్లు గడువు పెట్టుకోండి. వచ్చిందీ పోయిందీ లెక్క రాసి ఆయనకు చూపించండి. ఆ రెండేళ్లూ బ్యాంకు పరీక్షల జోలికి వెళ్లవద్దనే నా సలహా. ఆ పరీక్షలకూ రోజంతా చదవాలి, ఈ పనికీ రోజంతా చేయి ఆడాలి. గడువు చివర అంకె అందకపోతే అప్పుడు ఆయన మాట వినడంలో అవమానం ఏమీ లేదు. ఉద్యోగం చేసుకుంటూ గొప్ప బొమ్మలు వేసినవారు మన పక్క ఊళ్లోనే బతికారు.

కంప్యూటరు గీసే బొమ్మల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. చవకలో ఏదో ఒక బొమ్మ కావాలనుకునేవారి పని చాలావరకు అటే పోతుంది. కొత్తగా వచ్చేవారికి ఒకప్పుడు దొరికిన చిన్నాచితకా పనులు ఇప్పటికే తగ్గుతున్నాయి. కాని ఒప్పందం కుదిరిన నటుడి ముఖమే రావాలి, ఆ ముఖం మారకుండా చేయి మాత్రం రెండంగుళాలు కిందికి దిగాలి, వెనుక కనిపించే వీధి పూర్ణా మార్కెట్ వీధిలాగే ఉండాలి అన్నప్పుడు, చెప్పిన మాట విని చెప్పినంతే మార్చగల మనిషి కావాలి. తెలుగు ఒత్తుల దగ్గర ఆ యంత్రాలు ఇప్పటికీ తరచుగా తడబడుతున్నాయి. మీ ప్రతి పనిలోనూ చిత్తుబొమ్మ నుంచి చివరి రంగు వరకు దశలన్నీ తేదీలతో దాచిపెట్టండి. గీసింది మీరేనని రుజువు చూపమని అడిగే రోజులు వచ్చాయి.

రెండేళ్ల తర్వాత హైదరాబాదు వెళ్లేటప్పుడు పన్నెండు బొమ్మలు చాలు. వాటిలో సగం డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. ఎవరి కోసం, ఏ అవసరానికి, ఎన్ని రోజుల్లో చేశారో ప్రతి దాని కింద రెండు వాక్యాలు రాయండి. తారల ముఖాలు చూసి గీసిన అభిమాన చిత్రాలు రెండుకు మించవద్దు, అవి అందరి దగ్గరా ఉంటాయి. చేత్తో రాసిన తెలుగు టైటిళ్లు నాలుగైనా ఉంచండి, ఒక బొమ్మకు మాత్రం మీరు పక్కన పెట్టేసిన చిత్తుబొమ్మలు కూడా జతచేయండి. పబ్లిసిటీ డిజైనర్లు ఎక్కువసేపు ఆగి చూసేది ఆ పేజీ దగ్గరే.